కుళాయి వాషరుతో రేడియో



పోయిన నెల మన గోడపత్రికలో పాముకాటు గురించి, అంతకు ముందు నెలలో జీలుగు చెట్టు గురించి వ్యాసాలు వచ్చినాయి. ఈ నెల సైన్సు వంతు నాది. రేడియోలు, మైకుసెట్లు సొంత చేతులతో చేసుకునేవాళ్ళ గురించి, ముఖ్యంగా ఆ పని తెలిసి కూడా దాచుకోకుండా పదిమందికీ ఊరికే నేర్పినవాళ్ళ గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగు వ్యాసమే. నాలుగు చార్టులు పక్కపక్కన అతికించినాను. ఎడమ చేతి వైపు నుండి వరుసగా చదవండి.

మొదటి చార్టు కింద దారంతో కట్టిన తెల్లటి చక్రం చూసారా? అది కుళాయిలో వేసే ప్లాస్టిక్ వాషరు. మన హాస్టలు వెనక కుళాయి కారితే వాచ్‌మన్ తాత మార్చేది అలాంటిదే. దీనితో రేడియో చేయవచ్చు అంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కాని హైదరాబాదులో ఒకాయన నిజంగానే చేసినారు. ఆయన సంగతి చెప్పే ముందు మైకుసెట్టు ఎలా పనిచేస్తుందో చెప్పాలి, లేకపోతే అర్థం కాదు.

మనం మైకు ముందు మాట్లాడితే గాలి కదులును. ఆ కదలికను మైకు చాలా చిన్న కరెంటుగా మార్చును. ఎంత చిన్నదంటే, దాన్ని నేరుగా స్పీకరుకి కలిపితే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. మధ్యలో ఉండి ఆ చిన్న కరెంటును పెద్దది చేసేదే యాంప్లిఫయరు. మైకుసెట్టు వాళ్ళు దాన్ని ఆంప్లి అంటారు.

చాలామంది అనుకున్నట్టు ఆంప్లి లోపల గొంతు సాగి పెద్దది అవ్వదు. చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. తూము కర్ర ఎత్తడానికి ఒక గుంట చెయ్యి చాలు. కాని కర్ర కొంచెం ఎత్తితే కొంచెం నీరు, ఎక్కువ ఎత్తితే కాలువ నిండా నీరు. నీటి బలం గుంటది కాదు, చెరువుది. అలాగే బలం బ్యాటరీది. మన గొంతు తూము కర్రను ఎత్తి దింపే చెయ్యి మాత్రమే. ట్రాన్సిస్టరు అనగా ఆ తూము. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఎన్ని బొమ్మలు చూసినా రాని సంగతి తూము పేరు చెప్పగానే వచ్చేసింది.

ఆ తూము సంగతి చెప్పింది మా మైకు మావ. మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి, పండగలకి మైకుసెట్టు కట్టేది ఆయనే. అయిదో తరగతి వరకే చదివాడు. ఈ పని రాజాంలో ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. ఆ ముసలాయన డబ్బులు తీసుకోలేదట. "నువ్వూ ఎవులికైనా సెప్పు, సాల్లే" అన్నాడట. అందుకే మావ నన్ను తోలేయలేదు. వేసవి సెలవుల్లో పాడైన టేపురికార్డరు ఒకటి నా ముందు పడేసి, "ఇప్పి సూడవే. పాడయిపోయిందాన్ని నువ్వింకేటి పాడు సేస్తావు?" అన్నాడు. రెసిస్టరు మీద రంగు గీతలు చదవడం, కండెన్సరులో కరెంటు దాగి ఉంటుంది కాబట్టి ముట్టుకునే ముందు దాన్ని ఖాళీ చేయడం, సోల్డరింగు కడ్డీతో ముందు తీగను వేడి చేసి ఆ వేడి మీద సీసం కరిగించడం అన్నీ నేర్పినాడు. మన పుస్తకంలో కెపాసిటరు అని ఉంటుంది, మావ కండెన్సరు అంటాడు. రెండూ ఒకటే, తికమక పడకండి.

అందరూ మావలాగ ఉండరు. టౌనులో ఒక రిపేరు షాపుకి మా నాన్నతో వెళ్ళాను. పేరు రాయను. ఆయన మా రేడియో విప్పి, మాకు కనిపించకుండా వీపు అటు తిప్పుకొని పని చేసినాడు. నేను పక్కకి జరిగి చూడబోతే, "ఏటే గుంటా, ఇది ఆడపిల్లల పనా?" అన్నాడు. ఇంకో సంగతి కూడా అక్కడే చూసాను. ఆయన తయారు చేసిన ఆంప్లి బోర్డు మీద నల్లటి ఐసీలు ఉన్నాయి, వాటి మీద నంబర్లు లేవు. బ్లేడుతో గీకేసినాడు. ఎందుకు అని మావని అడిగాను. నంబరు తెలిస్తే ఎవడైనా అదే ఐసీ కొనుక్కొని చేసుకుంటాడు కదా, అందుకని అట. ఆయనకీ పొట్ట గడవాలి, కాదనను. కాని నంబరు గీకిన ఐసీ చూస్తే నాకు పేజీలు చింపిన పుస్తకం చూసినట్టే ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాదు ఆయన సంగతి. ఆయన పేరు అష్‌హర్ ఫర్హాన్ గారు. ఆయన హామ్ రేడియో ఔత్సాహికులు. హామ్ రేడియో అంటే ఆకాశవాణిలాగ వినడం మాత్రమే కాదు, లైసెన్సు తీసుకొని మనమే మాట్లాడవచ్చు. ప్రతి హామ్‌కీ ఒక పిలుపు గుర్తు ఇస్తారు. ఆయనది వి.యు.2.ఇ.ఎస్.ఇ. ఆయన 2003లో బిట్‌ఎక్స్ 20 అనే రేడియోను తయారు చేసి, దాని బొమ్మ మొత్తం అందరికీ ఇచ్చేసినారు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. పైసా కట్టక్కరలేదు.

ఆ రేడియో బలం సుమారు 6 వాట్లు. మన వరండాలో వెలిగే ఎల్ఈడీ బల్బే 9 వాట్లు. అంత చిన్న బలంతో దూర దేశాలతో కూడా మాట్లాడవచ్చు, ఎందుకంటే అది వాడే 14 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆకాశం పైన ఉన్న అయనోస్ఫియర్ పొరకి తగిలి మళ్ళీ భూమి మీదకి వస్తాయి. గోడకి కొట్టిన బంతిలాగ. పగలు ఒకలాగ, రాత్రి ఒకలాగ ఆ పొర మారుతుంది, అందుచేత ఎప్పుడూ ఒకేలా వినబడదు.

పేరులో "బి" ఎందుకో చెప్తాను. వినేటప్పుడు ఒక ఆంప్లి, మాట్లాడేటప్పుడు ఇంకో ఆంప్లి కావాలి కదా. ఈయన ఒకే దారిని రెండు వైపులా వాడేటట్టు చేసినారు. ఒకే కాలిబాట మీద పొద్దున్న సంతకి దిగుతాం, సాయంకాలం ఊరికి ఎక్కుతాం. రెండు రోడ్లు వేయక్కరలేదు. దానివల్ల భాగాలు తగ్గినాయి, ఖర్చు తగ్గింది.

ఇప్పుడు వాషరు. రేడియోలో తీగ చుట్టలు కావాలి, వాటిని కాయిల్స్ అంటారు. మంచి కాయిలు కావాలంటే టొరాయిడ్ అనే ఉంగరం మీద రాగి తీగ చుట్టాలి. ఆ ఉంగరం ఇనుప పొడితో చేస్తారు, విదేశాల్లో దొరుకుతుంది. మన పార్వతీపురం షాపుల్లో అడిగితే మన మొహం కేసి చూస్తారు. విదేశీ పుస్తకాల్లో ఎంత మంచి బొమ్మ ఉన్నా మన వాళ్ళు అక్కడే ఆగిపోయేవాళ్ళు. ఫర్హాన్ గారు ఆ ఉంగరం బదులు కుళాయి వాషరు వాడినారు. ప్లాస్టిక్కులో ఇనుము లేదు, అందుచేత ఎక్కువ చుట్లు చుట్టాలి. అంతే తేడా. ట్రాన్సిస్టర్లు కూడా ఏ రేడియో షాపులోనైనా దొరికేవే పెట్టినారు.

నా ఉద్దేశ్యంలో ఇక్కడే అసలు సంగతి ఉంది. బొమ్మ ఇచ్చేయడం ఒక మంచితనం. కాని బొమ్మ గీసే ముందే, అది తీసుకునేవాళ్ళ దగ్గర ఏముంటుంది, ఏముండదు అని ఆలోచించడం ఇంకో మంచితనం. అది చాలా తక్కువమందికి ఉంటుంది. మాకు బట్టలు పంచడానికి వచ్చేవాళ్ళు ఉంటారు. మంచివాళ్ళే. కాని ఒకసారి మా ఊళ్ళో అందరికీ కరెంటుతో నడిచే బొమ్మలు పంచినారు. అప్పటికి సగం ఇళ్ళకి కరెంటు లేదు. వాషరు ఎంచుకున్నాయన కుళాయి కట్టే ఇంటివాళ్ళని, సంత దుకాణాన్ని ముందే మనసులో చూసుకున్నారు అనిపిస్తుంది. ఇంకా ఆయన ఏ భాగం ఎందుకు పెట్టినారో కూడా రాసినారు. ఊరికే "ఇది ఇక్కడ అతికించు" అని కాదు. ఐసీ నంబరు గీకడానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

ఆడపిల్లల పనా అన్నాయనకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 2016లో ఫర్హాన్ గారు బిట్‌ఎక్స్ 40 అనే బోర్డు తయారుగా అమ్మడం మొదలుపెట్టినారు. దాని కాయిల్స్ చుట్టింది ఆడవాళ్ళ బృందం. ఆ బోర్డులు ప్రపంచమంతా వెళ్ళినాయి. అమెరికాలో తెల్ల గెడ్డం తాత ఎవరైనా అది పెట్టుకొని మాట్లాడుతుంటే, లోపల తిరిగే కరెంటు మన తెలుగు దేశంలో ఆడవాళ్ళు చుట్టిన తీగలోంచే పోతుంది. బోర్డు అమ్మినా బొమ్మ మాత్రం దాచలేదు. కొనలేనివాళ్ళు చేసుకోవచ్చు.

హామ్‌లలో నేర్పేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన పేరుంది. ఎల్మర్ అంటారు. అమెరికాలో క్యు.ఎస్.టి. అనే హామ్ పత్రికలో 1971 మార్చిలో రాడ్ న్యూకిర్క్ అనే ఆయన ఈ మాట రాసినారు. ఎల్మర్ అనే పేరు గల ఒక నిజమైన మనిషి ఉండేవాడు, కొత్తవాళ్ళకి ఓపికగా నేర్పేవాడు. ఎవరూ పొగడని అలాంటివాళ్ళందరినీ తలచుకుంటూ రాసిన మాట అది. అప్పటి నుండి నేర్పే ప్రతి హామ్‌నీ ఎల్మర్ అంటున్నారు. మనిషి పేరు పని పేరు అయిపోయింది. మా మైకు మావకి ఈ సంగతి చెప్తే, "నన్నలాగ పిలవకే, కిరస్తానీ పేరనుకుంటారు" అని నవ్వినాడు.

ఇదంతా సరదా కోసమేనా అని మీరు అడగవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మనలో చాలామందికి ఏడేళ్ళు. కరెంటు స్తంభాలు పడిపోయి, సెల్ టవర్లు ఆగిపోయి, ఉద్దానం వైపు చుట్టాలు ఉన్నారో లేరో తెలియక మా అమ్మ ఏడవడం నాకు గుర్తుంది. అలాంటప్పుడు ఏ టవరూ అవసరం లేకుండా ఒక బ్యాటరీ, ఒక తీగతో మాట్లాడగలిగేది హామ్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో భారతి ప్రసాద్ గారు ఉన్నారు. ఆమె హామ్. హైదరాబాదులో 1983లో పుట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున ఒక జట్టుతో వెళ్ళినారు. అసలు వెళ్ళింది దూర దేశాలతో సరదాగా మాట్లాడడానికి. సునామీ రాగానే ఆ రేడియోనే పెట్టుకొని, ఎవరు బతికున్నారు, ఎవరు ఎక్కడున్నారు అనే కబుర్లు దేశానికి అందించినారు. ఆవిడకి కూడా ఎవరో ఒక ఎల్మర్ నేర్పే ఉంటారు కదా!

ఒక ముఖ్య గమనిక. రేడియోలో మాట్లాడాలంటే లైసెన్సు తప్పనిసరి. ప్రభుత్వం పరీక్ష పెడుతుంది. 12 ఏళ్ళు నిండినవాళ్ళు రాయవచ్చు. అంటే మన తొమ్మిదో తరగతి వాళ్ళందరం రాయవచ్చు. లైసెన్సు లేకుండా వినవచ్చు, మాట్లాడితే నేరం. ఎవరూ తొందరపడి చేయకండి.

పెద్ద ఆంప్లిలు చేసేవాళ్ళలో కూడా ఇలాంటివారు ఉన్నారు. అమెరికాలో నెల్సన్ పాస్ అనే ఆయన ఉన్నారు. ఆయన కంపెనీ ఆంప్లిలు చాలా ఖరీదు, మన ఊరంతా అమ్మినా ఒకటి రాదేమో. అలాంటి ఆయన 1994లో జెన్ అనే ఆంప్లి బొమ్మను సొంతంగా చేసుకునేవాళ్ళ పత్రికలో ఇచ్చేసినారు. పెద్దది చేసే పని అంతా ఒకే ఒక్క ట్రాన్సిస్టరు చేస్తుంది. ఒక్క తూము! కరెంటు ఎక్కువ తాగుతుంది, బాగా వేడెక్కుతుంది. అయినా చూసి నేర్చుకోవడానికి అంతకన్నా సులువైనది ఉండదు. తన అమ్మకం పడిపోతుందని ఆయన భయపడలేదు. షాపు ఆయనకి ఇది చెప్పాలని ఉంది, కాని నా మాట వింటాడా.

ఇక నేను చేసింది చెప్తాను. ఎల్.ఎం.386 అనే ఐసీ ఉంది. నల్లగా, గోరంత ఉంటుంది, ఎనిమిది కాళ్ళు. తేలులాగ ఉంటుంది గాని కుట్టదు. బిట్‌ఎక్స్ 20లో స్పీకరుని పలికించేది కూడా ఇదే. దాని ఒక చివర చిన్న గంటు ఉంటుంది. గంటు ఎడమకి పెట్టి పైనుండి చూస్తే, కింద ఎడమ మూల కాలు 1. అక్కడ నుండి గడియారానికి ఎదురుగా లెక్కపెట్టాలి. 6వ కాలికి బ్యాటరీ ప్లస్, 4వ కాలికి మైనస్. 3వ కాలికి మైకు నుండి వచ్చే తీగ, 2వ కాలు మైనస్‌కే. 5వ కాలు నుండి 220 మైక్రోఫారడ్ కండెన్సరు ద్వారా స్పీకరుకి. ఇలా కలిపితే సిగ్నలు వోల్టేజి 20 రెట్లు అగును. 1, 8 కాళ్ళ మధ్య 10 మైక్రోఫారడ్ కండెన్సరు పెడితే 200 రెట్లు. 9 వోల్టుల బ్యాటరీ చాలు. మైకు, స్పీకరు దగ్గర దగ్గరగా పెడితే కూత వస్తుంది. ఎందుకంటే స్పీకరు చప్పుడు మళ్ళీ మైకులో దూరి, మళ్ళీ పెద్దదై తిరుగుతూ ఉంటుంది. మన ప్రార్థన మైకు కూసేది కూడా ఇందుకే. బొమ్మ మూడో చార్టులో గీసాను. ఐసీ నంబరు పెద్ద అక్షరాలతో రాసాను, చూసుకోండి.

పాత టేపురికార్డరు నుండి తీసిన మైకు గుండీ, ఈ ఐసీ, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ కలిపి మా మామ్మకి చేసి ఇచ్చాను. మామ్మకి నాలుగేళ్ళుగా చెవులు సరిగా వినపడవు. చెవి మిషను మాకు ఎక్కడ దొరుకుతుందో, ఎంత అవుతుందో తెలియదు. మామ్మ ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. పిలిచినా పలకదని చిన్నపిల్లలు వెక్కిరించేవాళ్ళు. సౌండు బాగా తగ్గించి ముందు నా చెవిలో పెట్టుకొని చూసి, తర్వాత మామ్మ చెవిలో పెట్టాను. మామ్మ కాసేపు కదలలేదు. తర్వాత సవర మాటల్లో, "ఆ మేకకి మేత ఎయ్యలేదా, అలాగ అరుస్తంది?" అంది. మేక ఇంటి వెనక ఉంది. ఇది డాక్టర్లు ఇచ్చే మిషను కాదు, అంత బాగా పనిచేయదు, గాలి వేస్తే గరగర అంటుంది. పెద్ద సౌండు పెడితే ఉన్న వినికిడి కూడా పోతుంది, అందుచేత నాబ్ దగ్గర గీత గీసి దాటనివ్వలేదు. మామ్మ రోజూ పెట్టుకోదు కూడా. సంత రోజున పెట్టుకుంటుంది, బేరం వినాలి కదా.

మన వైపు వాళ్ళు ఒకరిని ఇక్కడ తలచుకోకపోతే బాగుండదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ మా సవర భాష నేర్చుకొని, మా భాషలో పుస్తకాలు రాసినారు. మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇస్తామంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు. ఆయనకీ రేడియోకీ సంబంధం లేదు, తెలుసు. కాని ఆయన ముందు మా మాట విన్నారు, తర్వాతే నేర్పినారు. వాషరు ఆయన, తూము చెప్పిన మావ చేసింది కూడా అదే అని నాకనిపిస్తుంది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన స్టోరు గదిలో పాత మైకుసెట్టు రెండేళ్ళుగా పడి ఉంది. దానిని ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు విప్పడానికి మాకు అనుమతి ఇవ్వాలి. గోడ కరెంటు మేము ముట్టుకోము, ఆ భాగం ఎలక్ట్రీషియను గారే చూడాలి. మేము బ్యాటరీతో పనిచేసేవే చేస్తాం. సోల్డరింగు కడ్డీ సైన్సు మేడం గారి ఎదుట మాత్రమే వాడతాం, కిటికీలు తీసి ఉంచుతాం, ఎందుకంటే ఆ పొగ మంచిది కాదు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుగుతాం. మైకు మావ ఒక ఆదివారం వచ్చి నేర్పుతానన్నాడు, డబ్బులు వద్దన్నాడు, భోజనం పెడితే చాలన్నాడు. పదో తరగతి అయ్యాక నాకు పెళ్ళి చేసేద్దామని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. నేను పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ డిప్లమా చేస్తానని నాన్నతో అన్నాను. నాన్న ఏమీ అనలేదు. సెలవులకి మా ఊరు వెళ్ళేలోగా ఈ మైకుసెట్టు పలికితే, నాన్నకి చూపించడానికి నాకు ఒకటి ఉంటుంది.

ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా రావచ్చు. రంగు గీతలు చదవడం ఒక్క పూటలో వస్తుంది, లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. నాకు వచ్చినంత నేను చెప్తాను. దసరా సెలవులకి వెళ్ళినవాళ్ళు ఇళ్ళల్లో పాడైన టేపురికార్డర్లు, సెల్ ఛార్జర్లు, రేడియోలు ఉంటే పారేయకుండా తెండి. లోపలి ఐసీ మీద నంబరు గీకేసి ఉన్నా తెండి. కాళ్ళు లెక్కపెట్టి, ఏ కాలు బ్యాటరీకి పోతుందో, ఏది స్పీకరుకి పోతుందో చూసి, అది ఏదో కనుక్కుందాం.